నాలుగు గొలుసుల పన్నెండు

కొత్త పైసలు చలామణిలోకి వచ్చిన మరుసటి ఏడు, చలికాలంలో, నేను బోధన్‌లో ఒక చిన్న సర్వే దళం దగ్గర లెక్కలు చేసేవాణ్ణి. నా ఉద్యోగం పేరు కంప్యూటర్. ఇప్పుడు ఆ పేరుతో యంత్రాలు వచ్చాయని పత్రికల్లో చదువుతున్నాను. అప్పుడు మాత్రం కంప్యూటర్ అంటే బల్ల ముందు కూర్చుని లాగరిథం పట్టికలు తిరగేసే మనిషి.

ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు. మా బాపు నిజామాబాద్ గంజ్‌లో పసుపు బస్తాలు తూచేవాడు. పావు, అడ్డపావు, ముప్పావు అన్న మాటలు ఆయన నోట విని, బడికి పోకముందే భిన్నాలు నాకు అలవాటయ్యాయి. బడిలో చదువు ఉర్దూలో సాగింది. అందుకని ఇప్పటికీ మనసులో లెక్క ఉర్దూలో చేసి, జవాబు తెలుగులో రాస్తాను. త్రికోణమితి మాత్రం పాత పుస్తకాల దుకాణంలో దొరికిన, అట్ట ఊడిన ఒక పుస్తకం పట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. సగం అర్థమయ్యేది, సగం చేసి చూస్తే వచ్చేది.

మా దళానికి అప్పగించిన పని చెరుకు బండ్ల కోసం కొత్త బాట గీయడం. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైతే ఊళ్ళ నుంచి బండ్లు బారులు తీరేవి. పాత బాట వానకాలంలో తెగిపోయి, ఒర్రె వాగు దగ్గర ఇరుసులు విరిగి, చెరుకు బండి మీదనే ఎండిపోయేది. రైతులు చాలాకాలంగా అడుగుతున్న బాట అది. అందరికీ కావలసిన బాట.

ఊరి నక్షాకు, అంటే ఊరి పటానికి, ఒక సున్నా ఉంటుంది. నిజాం కాలంలో ఊరిని కొలిచినవాళ్ళు ఒక రాయి పాతి, అక్కడి నుంచి ఇనుప కొలత గొలుసు పరిచి, ఏ పొలం మూల ఎన్ని గొలుసుల దూరంలో ఉందో రాసుకున్నారు. ఆ రాయి ఆ ఊరికి సున్నా. పక్క ఊరి సున్నా ఇంకోచోట ఉంటుంది. రెండు నక్షాలు పక్కపక్కన పెడితే ఒక ఊరి గెట్టు, అంటే హద్దు గట్టు, ఇంకో ఊరి గెట్టుతో కలవదు. ఎవరి సున్నా నుంచి వాళ్ళు కొలుచుకున్నారు మరి. బాట ఒక ఊరితో ఆగదు కాబట్టి ఆ నక్షాలన్నిటినీ ఒకే సున్నా కిందికి తేవాలి. ఆ పని నాది.

అలాంటి ఉమ్మడి సున్నా ఒకటి మన ప్రాంతానికంతటికీ కలిపి ఉంది. దేశానికంతటికీ ఒకటే ఎందుకు లేదని మొదట్లో నాకు అనుమానంగా ఉండేది. ఒకరోజు ఇంట్లో రొట్టెలు తడుతుంటే చూసి అర్థం చేసుకున్నాను. జొన్నపిండి ముద్ద గుండ్రం. దాన్ని బల్లపరుపుగా తడితే నడుమ నున్నగా వస్తుంది, అంచులు పగుల్తాయి. రొట్టె ఎంత పెద్దదైతే పగుళ్ళు అంత ఎక్కువ. భూమి కూడా అంతే. అందుకే దేశాన్నంతా ఒకే రొట్టెగా తట్టకుండా, ప్రాంతానికొకటి చొప్పున చిన్న రొట్టెలు చేసి, ఒక్కోదాని మీద విడిగా గడులు గీశారు. మన ఇందూరు, అంటే నిజామాబాద్, మన రొట్టెలో నడిమి గీతకు దగ్గరగా పడింది. కాగితం మీది గజానికీ నేల మీది గజానికీ ఇక్కడ తేడా అతి స్వల్పం.

ఆ సున్నా మాత్రం రొట్టె మీద లేదు. ఎక్కడా ఋణసంఖ్య రాకూడదని దాన్ని చాలా దూరం నైరుతికి జరిపి పెట్టారు. అది అరేబియా సముద్రంలో ఎక్కడో పడుతుందని మా ఆఫీసరు చెప్పారు. బోధన్‌లో ఒక పొలం మూల ఎక్కడుందో రాయాలంటే, ఆ నీళ్ళలోంచి ఇన్ని లక్షల గజాలు తూర్పుకు, ఇన్ని లక్షల గజాలు ఉత్తరానికి అని రాయాలి. ఊరి గొలుసు ముప్పైమూడు అడుగులు, అంటే పదకొండు గజాలు. గొలుసులను పదకొండుతో గుణించి, దిక్కు సరిచేసి, ఊరి రాయి అంకెలకు కలిపితే ఆ మూల మన ప్రాంతపు గడుల్లోకి వచ్చేస్తుంది. రోజంతా ఇదే పని. నాకు ఇష్టమైన పని.

ఆఫీసరు కోస్తా వైపు మనిషి. మెత్తగా మాట్లాడేవారు. మాలో చిన్నవాణ్ణయినా నన్ను ఏమండీ అనే పిలిచేవారు. గొలుసు పట్టే అన్న బోధన్ మనిషే. వయసులో నాకు తండ్రి లాంటివాడు, అయినా అందరూ అన్న అనే అనేవారు. గొలుసు చివర నిలబడి అంకె అరిస్తే రెండు చెలకల చేల అవతలికి వినపడేది. అతను అరిచిన అంకెను ఆఫీసరు రాసుకునేవారు. సాయంత్రం ఆ కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి.

బాట దారిలో ఒకచోట క్రైస్తవుల బొందలగడ్డ ఉంది. అక్కడ పూడ్చుకోవడం ఎప్పుడో నోటిమాట మీద మొదలైంది కాబట్టి ఊరి నక్షాలో అది విడిగా లేదు. మా దళమే కొత్తగా కొలిచింది. ఉత్తరాన మా కొలత గీత నుంచి దక్షిణాన చెరుకు తోట గెట్టు దాకా నాలుగు గొలుసుల పైచిలుకు. నేను లెక్క కట్టి, గడుల కాగితం మీద పెట్టాను. దాని దక్షిణపు అంచును ఆనుకుని బాట గీశారు. ఆ గీత ప్రకారం మనుషులు పోయి జెండాలు పాతారు.

మరునాడు పొద్దున ఒక అవ్వ మా ఆఫీసు అరుగు మీదికి వచ్చి కూర్చుంది. చెరుకు తోటల్లో కలుపు తీసి బతికే మనిషి. బిడ్డను మోస్రా ఊళ్ళో ఇచ్చి, ఒంటరిగా ఉంటోంది. ఆఫీసరు నిజామాబాద్ పోయి ఉన్నారు. నేనొక్కణ్ణే లోపల ఉన్నాను.

"గా ఎర్రజెండ ఎవలు పాతిచ్చిండ్రు కొడుకా?" అంది.

"బాట కోసం అవ్వ. ఏమైంది?"

"నా పెనిమిటి నెత్తిమీద పాతిండ్రు."

నేను కాగితం తెచ్చి చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు, ఆమెకు చదువు రాదు. నా దగ్గర చూపించడానికి అది తప్ప ఇంకేమీ లేదు. ఆ కాగితం ప్రకారం చివరి వరుస సమాధులు బొందలగడ్డలో లేవు. గెట్టు దాటి తోటలో ఉన్నాయి. ఆ మాట ఎలా చెప్పాలో తోచక, లెక్క ఇలా వచ్చింది అన్నాను.

"యాడికెళ్ళి వచ్చింది లెక్క?"

"ఒక సున్నా ఉంటది అవ్వ. గాడికెళ్ళి కొలుస్తం."

"యాడుంది గా సున్న?"

"సముద్రంల."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను హాస్యమాడుతున్నానా అని చూసింది. కాదని తెలిసింది.

"నువ్వు సూసినవా?"

"లేదు. ఎవ్వరూ సూడలే."

"ఎవ్వలు సూడని కాడికెళ్ళి కొలిచి, మా ఆయినె తోటల పన్నడంటవు. పాతిపెట్టిన్నాడు నేనున్న. గెట్టు గింత దూరముండె. మా ఆయినె పక్కపొంటి నా జాగ ఇడిచిపెట్టిండ్రు. నేను గూడ గాడనే పంటనని నా బిడ్డకు చెప్పిన. ఇప్పుడు నా జాగ మీదికెళ్ళి చెరుకు బండ్లు పోతయా?"

ఆఫీసరుతో చెబుతానన్నాను. ఆమె లేచి, కాగితం వైపు ఇంకోసారి చూసి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా నేను మొదటి నుంచి మళ్ళీ లెక్క కట్టాను. నా గుణకారాల్లో తప్పు లేదు. సాయంత్రం ఆఫీసరు వచ్చాక విషయం చెప్పాను. ఆయన కొట్టిపారేయలేదు. కుర్చీ జరుపుకుని కూర్చున్నారు.

"ఊరి రాయిని మన గడులకు కలపడంలో తేడా వచ్చిందేమో చూశారా?"

"చూసిన సార్. ఇంకో రాయి నుంచి కూడా కలిపిన. అడుగు, అడుగున్నర తేడా వస్తుంది. అంతకు మించి లేదు."

"మనం ఉన్నచోట, గుండ్రటి భూమిని బల్లపరుపు చేసే ప్రొజెక్షన్ వల్ల వచ్చే తేడా కూడా ఏమీ ఉండదండి. ఆవిడ చెప్పే గెట్టు ఎంత దూరంలో ఉందంటున్నారు?"

"అవ్వ అరుగు నుంచి వీధి దాకా చెయ్యి చాపి చూపించింది సార్. ఒక ఆరేడు గజాలు ఉండొచ్చు."

ఆరేడు గజాలు సముద్రంలోంచి రావని ఆయనా అన్నారు. జెండాలకు అవతల గెట్టు ఉందా అని మనుషులను అడిగితే, చెరుకు కొట్టిన ఆకు కుప్పలుగా పడి ఉంది, చూడలేదన్నారు. మర్నాడు పోయి చూద్దామని అనుకున్నాం. మట్టి పనివాళ్ళు రెండు రోజుల్లో దిగుతారని కబురు కూడా ఉంది.

పొద్దున్నే బయలుదేరే ముందు గొలుసు అన్న, నేను చాయ్ తాగడానికి పోయాం. ఆ రోజుల్లో ఏ హోటల్ ముందు చూసినా ఒకటే తగాదా. చాయ్ రెండు అణాలు. రెండు అణాలకు కొత్త పైసలు పన్నెండున్నర. అర పైస నాణెం లేదు కాబట్టి సర్కారు పన్నెండే అంది. హోటల్ ఆయన పదమూడు అడిగేవాడు.

"అర పైస ఎవని జేబుల పోవాలె? నా జేబులనేనా?" అన్నాడు హోటల్ ఆయన.

"నీ చాయ్‌ల పాలెన్నో నీళ్ళెన్నో నేనడిగిన్నా?" అన్నాడు అన్న. "పన్నెండు తీసుకో. గీ పైసలతోని నాకున్న పరేషాన్ నీకేం తెల్సు. నా జరీబు గొలుసుకు బిళ్ళలు అణాలకే ఉన్నయి. పదారు అణాలు, పదారు బిళ్ళలు. అణాలు పోయినయి, నూటికి లెక్క చెప్పుమన్నడు సారు. ఒంగి బిళ్ళ సూడాలె, మనసుల పైసలు చెయ్యాలె, అటెన్క గట్టిగ ఒర్రాలె. నోరు తిరగాలె గద."

"ఎప్పటి నుంచి నూటికి చెప్తున్నవు అన్నా?" అన్నాను.

"గా బొందలగడ్డ కొలిచిన దినం నుంచే."

"పొద్దుగాల నుంచా?"

అతను చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "పొద్దుగాల అణాలల్లనే ఒర్రినట్టున్న. అల్వాటు గద. సారు చెప్పినంక, పగటీలి బువ్వ తిన్నకాడి నుంచి మార్చిన."

కాగితం మీద నాలుగు, చుక్క, ఒకటి, రెండు అని ఉంది. ఆఫీసరు విన్నది అదే, రాసింది అదే. నూటికి పన్నెండు అయితే నాలుగు గొలుసుల మీద ఒక్క గజం పైన. పన్నెండు అణాలు అయితే ముప్పావు గొలుసు, ఎనిమిది గజాల పైన. రెండిటికీ తేడా దాదాపు ఏడు గజాలు.

"గా పన్నెండు అణాలా, పైసలా?" అన్నాను.

"యాదికి లేదు తమ్మీ," అన్నాడు. "దేవుని మీద ఒట్టు, యాదికి లేదు."

తప్పు ఎవరిదని నేను ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అరిచినవాడు తన లెక్కలో సరిగ్గానే అరిచాడు. విన్నవాడు తన లెక్కలో సరిగ్గానే రాశాడు. ఆ రెంటి నడుమ, చెరుకు తోట మీది గాలిలో, ఒక అంకె ప్రమాణం మారిపోయింది.

బొందలగడ్డకు పోయేసరికి అవ్వ అక్కడే ఉంది. ఆఫీసరుకు దారిలోనే అంతా చెప్పాను. ఆయన అన్నను ఒక్క మాట అనలేదు. "నేను చెప్పిన రోజునే ఒకటికి రెండుసార్లు అడిగి రాసుకోవలసింది," అని తనలో తాను అనుకున్నట్టు అని, గొలుసు పరచమన్నారు.

చెరుకు ఆకు తీసి చూస్తే గెట్టు ఉంది. సగం అరిగి, గడ్డి పట్టి, అవ్వ చూపించినచోటే ఉంది. నాలుగో గొలుసు అయ్యాక అన్న సమాధులు తొక్కకుండా, దాటకుండా పక్కగా తిరిగి పోయి, గెట్టు దగ్గర ఒంగాడు. బిళ్ళలు ఒక్కొక్కటే పట్టుకుని లెక్కపెట్టాడు. ఈసారి అరవలేదు. మా దగ్గరికి నడిచి వచ్చి చెప్పాడు.

"పన్నెండు అణాలు సార్."

అవ్వకు ఆ గొలుసు అణాల లెక్క తెలియదు. "ఎంత వచ్చింది కొడుకా?" అంది నాతో.

"నాలుగు గొలుసుల అవతల, నీ తొమ్మిది గజాల చీర కన్న ఒక్క గజం తక్కువ అవ్వ. గంత జాగ మీదే."

అయితే పని అక్కడితో అయిపోలేదు. బాటను ఏడు గజాలు దక్షిణానికి జరపాలి. ఆ వైపు తోటలో మోటబావి ఉంది. బావి ఒడ్డును కదిలించడానికి వీల్లేదు. నేను సమాధి పక్కనే బండ మీద కాగితం పెట్టుకుని లెక్క చూశాను. అయిదు గజాలు జరపవచ్చు, అంతకు మించి చోటు లేదు. అయిదు గజాలు జరిపితే పెనిమిటి సమాధి బాట నుంచి తప్పుకుంటుంది. దాని పక్కన, దక్షిణం వైపు ఆమె కోసం ఆపిన చోటు సగానికి పైగా బాట అంచులోకి పోతుంది.

ఆఫీసరు ఆ మాట ఆమెకు తనే చెప్పారు. "మీ ఆయన సమాధికి ఏ ఇబ్బందీ ఉండదమ్మా. పక్క చోటే కొంచెం బాటలోకి వస్తుంది. మీకు ఉత్తరం వైపు ఇంకోచోట..."

"కొంచెం అంటే ఎంత సారూ?"

ఆయన నా వైపు చూశారు. నేను కాగితం మీద గజాలు వెతుక్కుంటున్నాను.

ఆమె మా జవాబు కోసం చూడలేదు. చెప్పులు విడిచింది. కొంగు నడుముకు చుట్టి, సమాధి పక్కన నేల మీద పడుకుంది. తల పడమరకు, కాళ్ళు తూర్పుకు. చేతులు రెండూ దగ్గరగా పెట్టుకుంది. ఎక్కువ చోటు తీసుకోకూడదన్నట్టు భుజాలు కూడా లోపలికి ముడుచుకుంది.

"కొల్వుండ్రి," అంది.

జెండాలు మోసేవాళ్ళు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. అన్న గొలుసు చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. మంజీర నది వైపు నుంచి చలిగాలి వీస్తోంది. ఆమె ఆకాశం వైపు చూస్తూ పడుకుని ఉంది, లేవలేదు.

"లేవండమ్మా," అన్నారు ఆఫీసరు. "కొలవక్కర్లేదు."

"కొలిస్తెనే నాకు నిమ్మలం సారూ. మల్ల ఎవలన్న వచ్చి లెక్క తప్పింది అంటరు."

చివరికి అన్ననే మోకాళ్ళ మీద కూర్చుని, ఆమెకు తగలకుండా, సమాధి అంచు నుంచి ఆమె కుడి భుజం అవతలి దాకా గొలుసు పరిచాడు. "బక్కగున్నవు అవ్వ," అన్నాడు. "నీకు ఎక్కువేం అక్కర్లే." ఆమె పడుకునే నవ్వింది. "పోయేటాల్లకు ఇంకింత బక్కగయిత," అంది.

ఆ సాయంత్రం ఆఫీసరు నా బల్ల దగ్గరికి వచ్చి, బావికీ సమాధులకూ నడుమ బాటను సన్నం చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. మిగతా బాటంతా రెండు బండ్లు ఎదురెదురుగా పోయేంత వెడల్పు. అక్కడ మాత్రం ఒక్క బండే పట్టాలి. వంపు ఇంకా ముందు నుంచే మొదలుకావాలి. అంటే వంపులోని బిందువులన్నిటికీ తూర్పు, ఉత్తరం అంకెలు కొత్తగా కట్టాలి.

"పైవాళ్ళు అడుగుతారండి, ఇక్కడ ఎందుకు సన్నమైంది అని."

"ఏమని రాద్దాం సార్?"

"బావి ఉంది అని రాద్దాం. బావి నిజంగానే ఉంది కదా."

నేను కొత్త అంకెలు కట్టాను. సముద్రంలోని ఆ సున్నా నుంచే కట్టాను, ఇంకో సున్నా నాకు లేదు. మట్టి పనివాళ్ళు దిగే రోజున జెండాలు కొత్త గీత మీద ఉన్నాయి.

తర్వాత కొన్నేళ్ళకు నేను ఆ పని విడిచి నిజామాబాద్ వచ్చేశాను. గంజ్‌లో ఒక అడ్తి కమీషన్ దుకాణంలో లెక్కలు రాయడానికి కుదురుకున్నాను. గొలుసులు పోయి మీటర్లు వచ్చాయి. మేము కట్టిన అంకెలన్నిటినీ ఎవరో కూర్చుని మీటర్లలోకి మార్చి ఉంటారు. మా జిల్లాలో కమ్మర్‌పల్లి వైపు వాళ్ళు కొందరు ఈ మధ్య దుబాయికి పోతున్నారు. మా సున్నా ఉన్న ఆ సముద్రాన్నే వాళ్ళు దాటుతున్నారు.

అవ్వ పోయిన కబురు గొలుసు అన్న పంపించాడు. చివరిరోజుల్లో మోస్రాలో బిడ్డ దగ్గర ఉందట. అప్పుడు కూడా క్రషింగ్ కాలమే. నేను బస్సు దిగి బొందలగడ్డ దగ్గరికి నడిచేసరికి గుంత తవ్వి సిద్ధంగా ఉంది. సరిగ్గా పెనిమిటి పక్కన, బాట అంచుకు జానెడు ఇవతల. అన్న ముసలివాడైపోయాడు. గుంత ఒడ్డున కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మోస్రా నుంచి వచ్చే దారి ఆ చెరుకు బాటే. ఆమెను ఎడ్లబండి మీద తెచ్చారు. బండి వంపు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా, అవతలి ఊళ్ళ నుంచి ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు బారు కట్టి ఉన్నాయి. ఆ సన్నపు చోటులో రెండు పట్టవు. ముందున్న బండివాడు ఎడ్లను వెనక్కి తోయలేక తోయలేక తోస్తూ, వెనకవాడి మీద విసుక్కున్నాడు.

"ఎవడు గీసిండ్రా గీ బాట? గంత దూరం సక్కగ పోయి, గీడనే గింత సన్నగ జేసిండు."

"బాయి ఉన్నది గద," అన్నాడు వెనకవాడు.

"బాయి గాడుంది. గీడేముంది?"

అప్పుడు ఎదుటి బండి మీద తెల్లగుడ్డ కప్పి ఉండడం చూశాడు. మాట ఆపి కిందికి దిగాడు. ఎడ్ల ముకుతాడు పట్టుకుని, బండిని చెలకలోకి దింపి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనక ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే దిగారు. బారు పొడుగునా ఎడ్ల మెడల్లో గంటలు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఆమె బండి మెల్లగా ఆ వంపు తిరిగి, సమాధుల పక్కకు వచ్చి ఆగింది.